గంగమ్మ మెట్టు

27 జనవరి 2005

ఇది కమిటీ మినిట్స్ పుస్తకం కాదు. ఆ పుస్తకంలో "సభ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని రాసి సంతకాలూ వేలిముద్రలూ పెట్టిస్తాను. దాన్ని ఎవరైనా చూడొచ్చు. ఇది అంగన్‌వాడీ రిజిస్టర్ల కట్టలో మిగిలిపోయిన పుస్తకం. నాకోసం తెచ్చుకున్నాను. నాకు కోపం ఎక్కువ. దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోకపోతే సెంటర్లో పిల్లల మీద పడుతుంది.

నిన్న జెండా ఎగరేశాక ఊరంతా కూర్చుని నన్ను వాటర్‌షెడ్ కమిటీకి అధ్యక్షురాలిని చేశారు. "టీచరమ్మ సదువుకునింది. నోరు గూడా ఉండాది" అన్నాడు చెంగయ్య. అది పొగడ్త కాదని నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. మూడు రోజులకోసారి తంబళ్లపల్లె నుంచి వచ్చే ట్యాంకర్ కోసం బిందెలతో కొట్టుకోవడం ఇక నావల్ల కాదు.

ఈ రోజు నుంచి ఊరబావి మెట్లు లెక్కబెడతాను. మొత్తం ముప్పై రెండు. పైనుంచి తొమ్మిదో మెట్టు గంగమ్మది, పసుపు పూసి బొట్టు పెట్టి ఉంటుంది. నీళ్లు ఆ మెట్టును తాకితే ఊరంతా బావి దగ్గర పొంగళ్లు పెట్టాలి. నేను బండకాడపల్లెకు కోడలిగా వచ్చిన ఏడాది పెట్టారు. ఆ తర్వాత పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా లేదు.

ఈరోజు నీళ్లు అందుకోవడానికి దిగిన మెట్లు: 29. ఆ నీళ్లు కూడా బురదే.

11 ఫిబ్రవరి

మదనపల్లె ప్రాజెక్టు ఆఫీసు నుంచి పవన్ కుమార్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. చిన్నవాడే. ప్రతి మాటకూ ముందు ఒకసారి దగ్గుతాడు. నక్కలగుట్ట మీద పడిన వాన గంటలో వంకలోకి జారి పక్క మండలానికి పోతోందట. దాన్ని గుట్ట మీదే నిలబెట్టి నేలలోకి ఇంకించాలంటే అడ్డంగా కందకాలు తవ్వాలి, అదీ గుట్ట నెత్తి నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి అన్నాడు.

"సేన్లు కింద ఉంటే నెత్తిన తవ్వేది యాల?" అని అందరూ మీద పడ్డారు. ఆ పిల్లవాడు దగ్గు తప్ప మాట రాక నిలబడ్డాడు.

చెంగయ్య లేచాడు. "తానం యాడ్నుంచి మొదులుపెడతారప్పా మీరు? కాళ్లకాడ్నుంచా?"

అంతే, గొడవ సద్దుమణిగింది. మనిషి మొండి గానీ బుర్ర ఉంది. మూడు కర్రలు కట్టి నడుమ దారానికి రాయి వేలాడదీసే చట్రం ఒకటి పవన్ కుమార్ చూపించాడు. రాయి మధ్య గుర్తు మీద నిలిస్తే నేల సమంగా ఉన్నట్టు. కందకం ఆ సమం గీత మీదే తవ్వాలి. ఒక పక్కకు దిగిందంటే నీళ్లన్నీ ఆ పక్కకే పరిగెత్తి గట్టు తెంచుకుంటాయి. ఆ చట్రం చెంగయ్య చేతికి అరగంటలో అలవాటు పడిపోయింది. సాయంత్రానికి ఆయనే పవన్ కుమార్‌ను దిద్దుతున్నాడు.

గుట్ట మీద అరవై రెండు మంది. మెట్లు: 29.

28 ఫిబ్రవరి

తీర్మానం రాశాం. మూడేళ్లపాటు ఊరి పొలిమేరలో ఎవరూ కొత్త బోరు వెయ్యకూడదు. వేస్తే దానికి మూత పడాలి. తప్పుకు జరిమానాగా ఆ ఇంటివాళ్లు గుట్ట మీద నలభై కందకాలు తమ చేతులతో తవ్వాలి. డబ్బు కట్టి తప్పించుకోవడం లేదు, కూలివాళ్లను పెట్టి తవ్వించడం లేదు. ఈ చివరి మాట నేనే పట్టుబట్టి రాయించాను. పైన నీళ్లు ఇంకిస్తూ కింద బోర్లతో పీల్చుకుంటే ఆ తవ్వకం ఎందుకు?

మా ఆయన ఉమాపతి అందరికంటే ముందు సంతకం పెట్టారు. మా మల్బరీ చేను ఎండిపోయి, పాత బోరు గాలి కొట్టి, ఏడాదిలో రెండుసార్లు పట్టుపురుగులను గుంతలో పూడ్చిన మనిషి. ఆయన ముందుగా లేచి పెన్ను తీసుకోవడం చూసి మిగతావాళ్లు లేచారు. నాకు ఎంత గర్వంగా ఉందో ఆయనతో చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

14 ఏప్రిల్



చెంగయ్య బోరు లారీని తెప్పించాడు. పొద్దున నీళ్ల జాడ చెప్పే పక్క ఊరి చిన్నస్వామి అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని ఆయన చేనంతా తిరిగాడట. కాయ లేచి నిలబడిన చోట పాయింటు పెట్టాడు. నీళ్లు పడితే ఆ కాయనే అక్కడ కొట్టి, ఇంటికి తీసుకుపోయి తినడం మావైపు ఆనవాయితీ. లారీ ఊరు దాటేలోపు మాకు తెలిసింది. నేనూ, మా సెంటర్ ఆయా బయ్యమ్మా, ఇంకో పదిమంది ఆడవాళ్లమూ దారికి అడ్డంగా కూర్చున్నాం. డ్రైవర్ అరవంలో ఏదో అరిచాడు. బయ్యమ్మ పుట్టిల్లు కుప్పం అవతల. ఆమె అరవంలోనే నాలుగు అంటించింది. డ్రైవర్ ఇంజన్ ఆపేసి బీడీ ముట్టించాడు.

చెంగయ్య తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అరెకరా టమోటా టీచరమ్మా. పూత మీదుండాది. ఈ ఒక్క తూరి ఇడిసిపెట్టు."

"నీకిడిస్తే రేపు ఇంగొకరికి ఇడవల్ల గదన్నా."

"మీ ఇంటాయన అడిగితే?"

"ఆయనడిగినా ఇదే మాట."

ఆయన తుండుగుడ్డ మళ్లీ భుజాన వేసుకున్నాడు. తర్వాత తానే లారీ దగ్గరికి నడిచి వెనక్కి తిప్పమన్నాడు. ఆడవాళ్లందరూ నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే సంతోషం రాదని అబద్ధం చెప్పను. వచ్చింది.

మెట్లు: 30.

26 ఏప్రిల్

చెంగయ్య టమోటా ఎండిపోయింది. చెట్లు పీకి మేకలకు వేశాడు. మర్నాడు గుట్ట మీదికి వచ్చి చట్రం పట్టుకున్నాడు. నాతో మాట్లాడలేదు.

9 మే

వాన! రెండు గంటలు కురిసింది. గొడుగు కూడా లేకుండా అందరం గుట్ట ఎక్కాం. ఒక్కో కందకం నిండి, తొణికి, కింది దాంట్లోకి దిగుతోంది. వంకకు అడ్డంగా మేం కట్టిన ఊటకుంటలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు నిలవడం చూసి పెద్దవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఊటకుంట గట్టు కిందే మా చేను. మా చేను కిందే ఊరబావి. ఇంకిన నీళ్లు మా కాళ్ల కిందుగా నడిచి బావికి చేరతాయని పవన్ కుమార్ చేతులు తిప్పుతూ చెప్పాడు, దగ్గకుండా.

17 మే. మెట్లు: 25.

2 జూన్. మెట్లు: 22. వానలు లేకపోయినా బావి ఊరుతోంది! ట్యాంకర్ వద్దని మండలాఫీసుకు రాసిచ్చాను.

27 జూన్

రేపు కుప్పం ప్రయాణం. అక్కడి పల్లెల్లో చేసిన పనులు చూపించడానికి కమిటీలవాళ్లను నాలుగు రోజులు తీసుకుపోతున్నారు. నేను వెళ్తానంటే ఈయన, "పో, నిదానంగా సూసిరా. ఇల్లు నేను సూసుకుంటా" అన్నారు. మామూలుగా ఒక్క పూట నేను లేకపోతే ఉప్పు డబ్బా ఎక్కడని అడిగే మనిషి.

మెట్లు: 20.

2 జులై

కుప్పం నుంచి పలమనేరు, పుంగనూరు, మదనపల్లె... బస్సులు మారీ మారీ నడుం పడిపోయింది. ఆ పల్లెల్లో చూసినవి మినిట్స్ పుస్తకంలో ఆరు పేజీలు రాయాలి.

ఈయన హుషారుగా ఉన్నారు. పాత బోరు లోతు దించారట, నీళ్లు తగిలాయట. చాకీ పట్టుపురుగు పిల్లల కోసం పుంగనూరు పోయి ఆర్డర్ కూడా ఇచ్చి వచ్చారు. "పాతదే. రవ్వంత కిందికి దించినా, అంతే" అన్నారు. మంచిదే కదా అన్నాను. వంటింట్లో ఒక కొబ్బరికాయ, అప్పటికే కొట్టి ఉంది. పచ్చడి చేశాను. కాయ తియ్యగా ఉంది.

4 జులై

తీర్మానం మళ్లీ చదివాను. "కొత్త బోరు" అని స్పష్టంగా ఉంది. రాసింది నేనే. లోతు దించడం గురించి ఏమీ లేదు. పాత బోరే కాబట్టి ఇందులో తప్పేమీ లేదు.

15 జులై

మెట్లు: 22. ఎండలు మళ్లీ ముదిరాయి, వాడకం ఎక్కువైంది. గుట్ట మీద ముప్పై ఒక్క మంది. వేరుశనగ విత్తనాల పనులు కదా, ఎవరి చేలో వాళ్లున్నారు.

చేను ఎలా ఉందో చూసిరమ్మని మనసు పీకుతోంది కానీ తీరిక లేదు.

28 జులై

మెట్లు: 25. గుట్ట మీద పన్నెండు మంది. పక్క ఊళ్లో జాతర ఉంది. జాతర నిన్ననే అయిపోయిందనుకోండి, అలసట ఉంటుంది.

నెల సమావేశం జరిగింది. నేను కుప్పం సంగతులు చెబుతుంటే అందరూ నేలవైపు చూశారు. చెంగయ్య ఒక్కడు నావైపు చూశాడు. ఆయనకు టమోటా కోపం ఇంకా తగ్గలేదు.

పాత బోరే. ఈ మాట ఎందుకు రాస్తున్నానో తెలియదు.

7 ఆగస్టు

మెట్లు: 27. గుట్ట మీద నేను, బయ్యమ్మ, పవన్ కుమార్. అతని మోటారు సైకిల్‌ను కూడా లెక్కేస్తే నలుగురం.

12 ఆగస్టు

పిల్లలకు అన్నం పెట్టాక బయ్యమ్మ గిన్నెలు తోమకుండా వచ్చి నా ఎదురుగా గడప మీద కూర్చుంది.

"ఒక మాట సెప్తా రాజేశ్వరమ్మా. కోపం సేసుకోగాకు."

"చెప్పు."

"గుట్టమీదికి జనం యాల రాలేదనుకుంటాండావు?"

"విత్తనాల పని గదా."

"విత్తనాలయిపోయి ఎన్నాళ్లాయ? మీ సేన్లో బోరు కొత్తది. పాతదాని మీద నీ మొగుడు పేడదిబ్బ పోసినాడు. చిన్నస్వామి వచ్చి కాయ పెట్టి పాయింటు సూపిచ్చినాడు. ఊరంతా సూసినారు. నువ్వు కుప్పంలో ఉంటివి."

"ఊరంతా చూసి ఒక్కరన్నా నాకు చెప్పలేదే!"

"నీకు తెలీదని ఎవురనుకుంటారమ్మా? కాయ మీ ఇంట్లోనే గదా పచ్చడి సేసింది."

నేను లేచి పిల్లల పలకలు సర్దాను. సర్దినవే మళ్లీ సర్దాను. బయ్యమ్మ గిన్నెలు తోముకోవడానికి వెళ్లింది. తోమడానికి నీళ్లు సరిపోక బూడిదతో రుద్ది గుడ్డతో తుడిచింది.

13 ఆగస్టు

ఈ రోజు చేనుకు పోయాను. ఆరు వారాల తర్వాత.

పాత బోరు ఉన్న చోట పేడదిబ్బ. దానికి ఇరవై అడుగుల పైన, ఊటకుంట గట్టు దగ్గరగా, కొత్త కేసింగ్ పైపు. చుట్టూ బూడిద రంగు రాతిపొడి. పైపు పక్కన పసుపు పూసిన రాయి, ఎండిపోయిన పూలు. మోటారు పోస్తోంది. మేం అరవై మందిమి గుట్ట నెత్తి నుంచి నడిపించుకొచ్చిన నీళ్లు బావికి చేరకుండా మధ్యలోనే పైకి వస్తున్నాయి. మల్బరీ మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. అంత పచ్చదనం చూసి ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. ఇది కూడా రాసుకోవాలి.

ఈయన ఆకు కోస్తున్నారు.

"ఇది కొత్త బోరు" అన్నాను.

"అవును." అంత తేలిగ్గా అవునన్నారు.

"పాతదని యాల చెప్తివి?"

"నేను సెప్తిని, నువ్వు మంచిదే గదా అంటివి. ఒక్క మాట అడిగినావా? సేను కాడికి వచ్చినావా? కాయ యాడిదని గూడా అడగలేదు నువ్వు."

నాకు నోరుందని ఊరంతా అంటుంది. ఆ నోరు అక్కడ పెగల్లేదు.

ఆయన ఆకు గంప దించి గట్టు మీద కూర్చున్నారు. "రెండు పంటలు గుంతలో పూడ్సినా రాజేశ్వరీ. బతికున్న పురుగుల మీద మన్ను తోసినా ఈ సేతుల్తో. నువ్వు ఊరికి నీళ్లు తెస్తాండావు. మన సేను ఊళ్లో లేదా?"

"అందరికంటే ముందు సంతకం పెట్టింది నువ్వే గదా."

"నీకోసం పెట్టినా. నువ్వు గెలవల్లని."

కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఆయన కళ్లు తుడుచుకుని నిదానంగా చెప్పారు: "పురుగులు నాలుగో జరం లేచినాయి, ఆకరి పొర ఇడిసినాయి. ఇంగ గంపలకు గంపలు తింటాయి, పది దినాల్లో గూళ్లు కట్టేస్తాయి. అందాకా గమ్మునుండు. ఆమీద నువ్వెట్ల సెప్తే అట్ల."

పది రోజులే కదా అన్నాను.

14 ఆగస్టు

పది రోజులే. నెలన్నర పోయింది, ఇంకో పది రోజులకు మునిగిపోయేదేమీ లేదు.

మెట్లు: 28.

15 ఆగస్టు

జెండా వందనం అయ్యాక పిల్లలకు బొరుగులు, బెల్లం ఇచ్చాం. ఎండలో పాటలు పాడి దాహం అన్నారు. బయ్యమ్మ బిందెతో బావిలోకి దిగి చాలాసేపు రాలేదు. వచ్చాక చూస్తే బిందెలో ఎర్రటి బురద నీళ్లు. గుడ్డ వేసి వడగట్టింది, మళ్లీ వడగట్టింది. ఒక పిల్ల గ్లాసు పట్టుకుని అడుగున చేరిన మన్ను చూసి, "టీచరమ్మా, ఇది తాగల్లా?" అని అడిగింది.

తాగవద్దన్నాను. వేరే నీళ్లు లేవు. ట్యాంకర్ వద్దని రాసిచ్చింది నేనే.

చెంగయ్య టమోటా పూత మీద ఉన్నప్పుడు నేను ఆయనకు పది రోజులు ఇవ్వలేదు. ఒక్క రోజు కూడా ఇవ్వలేదు.

16 ఆగస్టు

పొద్దున్నే చేనుకు పోయి స్టార్టర్ పెట్టెలోంచి మూడు ఫ్యూజులూ పీకి కొంగున కట్టుకున్నాను. ఈయన పురుగుల షెడ్డు గుమ్మంలో నిలబడి చూశారు. ఆపలేదు.

సాయంత్రం బావి దగ్గర సభకు చాటింపు వేయించాను. దాదాపు అందరూ వచ్చారు. గుట్ట మీదికి రానివాళ్లు కూడా ఇక్కడికి వచ్చారు. ఫిబ్రవరి తీర్మానం చదివాను. సంతకాల్లో మొదటి పేరు కూడా చదివాను. తర్వాత కొంగు ముడి విప్పి ఫ్యూజులు అరుగు మీద పెట్టాను.

"మా ఇంటివాళ్లం కొత్త బోరు వేసినాం. ఆ కాయతో పచ్చడి చేసింది నేనే. అడిగితే తెలిసేది, తెలుస్తుందనే అడగలేదు. బోరుకు మూత వేయిస్తా. నలభై కందకాలు తవ్వుతా. నన్ను కమిటీలోంచి తీసేస్తారో ఉంచుతారో మీ ఇష్టం."

 ఈయన జనం వెనక నుంచి లేచి వెళ్లిపోయారు. ఆ చెప్పుల చప్పుడు చివరిదాకా వినిపించింది.

చెంగయ్య మెల్లగా లేచాడు. "నువ్వు లారీ ముందర కూసున్న పొద్దు నాకు నీ మీద కోపం వచ్చినాది టీచరమ్మా. అనుమానం మాత్రం రాలేదు. ఈ నెలన్నరా అనుమానంతోనే సచ్చినా."

"ఇప్పుడో?"

"ఇప్పుడేముండాది? తవ్వు, సూస్తా."

నన్ను తీసెయ్యలేదు. ఉంచుతామని కూడా ఎవరూ అనలేదు.

18 ఆగస్టు

పవన్ కుమార్ మదనపల్లె నుంచి వెల్డింగ్ మనిషిని తెచ్చాడు. కేసింగ్ మీద ఇనుప మూత పడింది. నేను దగ్గరుండి చూశాను.

తెల్లవారి ఐదింటికి గుట్ట ఎక్కాను, సెంటర్ టైముకు దిగాను. రెండు బారల పొడవు, మోకాలి లోతు. రాళ్ల నేల. పూర్తి కాలేదు.

19 ఆగస్టు. కందకాలు: 1.

20 ఆగస్టు. అరచేతులు బొబ్బలెక్కాయి. బయ్యమ్మ సాయం చేస్తానంది. తీర్మానం ఒప్పుకోదు. "నీ తీర్మానం తగలబడ" అని తిట్టి, ఆముదం ఇచ్చి పోయింది.

24 ఆగస్టు

చెంగయ్య వచ్చాడు. సాయానికేమో అనుకున్నాను. చట్రం నేల మీద పెట్టాడు, రాయి ఊగడం ఆగేదాకా చూశాడు.

"ఎడం పక్కకు జానెడు దిగినాది. పూడ్సి మల్ల తవ్వు."

"నాలుగు రోజులు తవ్వినా అన్నా ఇవన్నీ!"

"వాన వస్తే ఈడ తెగి కిందుండేవన్నీ కొట్టుకోని పోతాయి. నాకేం, నీ ఇష్టం."

పోయాడు. నేను బండ మీద కూర్చుని ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత లేచి చూస్తే ఆయన చెప్పిందే నిజం. మూడు కందకాలు పూడ్చాను. కందకాలు: మళ్లీ 1.

29 ఆగస్టు

గూళ్లు దించారు. ఆకు వాడిపోయి పురుగులకు చాలలేదు, గూళ్లు సగానికి సగం పలచన. ఈయన వాటిని మూట కట్టుకుని మదనపల్లె మార్కెట్‌కు ఒక్కరే పోయి వచ్చారు. వచ్చి కాళ్లు కడుక్కుని పడుకున్నారు. పదమూడు రోజులుగా నాతో మాట లేదు. అన్నం పెడితే తింటారు. ఈ పంట పోవడానికి కారణం నేనే. తప్పు చేశానని మాత్రం అనుకోవడం లేదు. ఈ రెండు మాటలూ పక్కపక్కనే పెట్టుకుని బతకాలి.

మెట్లు: 28. ఆగింది. దిగలేదు.

6 సెప్టెంబర్

కందకాలు: 10. మెట్లు: 27.

ఈ పొద్దు కాస్త అవతల గడ్డపార చప్పుడు వినిపించింది. ఐదుగురు. వాళ్ల వరసలో వాళ్లు తవ్వుతున్నారు, నావైపు చూడరు. అయినా ఆ చప్పుడు ఎంత బాగుందో.

19 సెప్టెంబర్

కందకాలు: 21. గుట్ట మీద ఇరవై ఎనిమిది మంది. ఆడవాళ్లు మజ్జిగ పంపారు. చెంగయ్య రోజూ చట్రంతో నా వెనకే. "సమంగుండాది" అన్నాడు ఈరోజు. ఆ ఒక్క మాటకు నేను ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చాను.

27 సెప్టెంబర్

నా గడ్డపార మొనకు కొత్త పదును. ఊళ్లో కొలిమి లేదు, తంబళ్లపల్లె పోవాలి. ఎవరు పోయారో నాకు తెలుసు. ఈసారి అడగకపోయినా తప్పు లేదు.

అన్నం పెట్టేటప్పుడు ఇంకో గరిటె పప్పు వేశాను. "సాలు" అన్నారు. నలభై రెండు రోజుల తర్వాత ఒక మాట.

9 అక్టోబర్

కందకాలు: 38. మెట్లు: 25. నల్లటి మబ్బు దక్షిణాన.

12 అక్టోబర్

మూడు రోజులుగా వదలని వాన. సెంటర్ పైకప్పు కారుతోంది. తడిసిన నేల మీద తవ్వితే గట్టు నిలవదని చెంగయ్య నన్ను ఆపాడు. చూడకుండా ఉండలేక గుట్ట ఎక్కాను. నెత్తి మీది వరస నిండింది, రెండోది నిండింది. నేను పూడ్చి మళ్లీ తవ్విన చోట నీళ్లు అద్దంలా సమంగా నిలబడ్డాయి. ఎక్కడా తెగలేదు. వానలో నిలబడి గట్టిగా ఏడ్చాను, ఎవరికీ కనబడదు కదా అని.

మెట్లు: 17.

16 అక్టోబర్

మెట్లు: 9.

పొద్దున బయ్యమ్మ పసుపు గిన్నెతో దిగి, గంగమ్మ మెట్టు మీద నిలబడితే కాలి వేళ్లు తడిశాయి. అక్కడి నుంచే కేక పెట్టింది. ఊరంతా పొయ్యిలు వెలిగించింది. పదిహేనేళ్ల లోపు పిల్లల్లో ఒక్కరికీ పొంగలి ఎందుకు పెడతారో తెలియదు. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

పొంగళ్ల దగ్గరే సభ జరిగింది. టీచరమ్మ మిగతా రెండు కందకాలూ మాఫీ చేద్దాం, గంగమ్మే వచ్చింది కదా అన్నారు. నాకూ ఆశ పుట్టింది. నడుం పట్టుకుపోయి ఉంది.

"మాఫీ లేదు" అన్నాడు చెంగయ్య. "నలబై అంటే నలబై. రేపు నేను బోరేసినా ఇంతే గదా?"

అందరూ ఆయన మీద అరిచారు. నేను మాత్రం ఆయన ఆకులో ఇంకో గరిటె పొంగలి వేశాను. ఆ సభలో నన్ను ఇంకా అధ్యక్షురాలిగా లెక్కబెట్టిన మనిషి ఆయనే.

20 అక్టోబర్

నేల ఆరింది. ముప్పై తొమ్మిదో కందకానికి గుట్ట ఎక్కుతుంటే వెనక అడుగులు వినిపించాయి. ఈయన, భుజాన పారతో.

"నీవి పక్కన పెట్టు" అన్నారు. "సంతకం నాది, బోరు నాది. నువ్వు తవ్విన ముప్పై ఎనిమిదీ ఊరికి ఇచ్చినట్టు. తప్పు నలబైయ్యీ నేను తవ్వుతా, ఒకటి నుంచి."

"మల్బరీ?"

"బావి నిండినాక సేనుకు తడి రాదా? వచ్చిందాంతోనే పెంచుతా. రాకపోతే సజ్జ సల్లుకుంటా."

కొండంత మాట అనేసి తవ్వడానికి దిగారు. అరగంటకే రొప్పుతూ కూర్చున్నారు. నేను గట్టు మీద కూర్చుని చూశాను. సాయం చెయ్యలేదు. లోపల ఎంత చల్లగా ఉందో ఆయనకు తెలియనివ్వలేదు.

పొద్దెక్కాక కందకం అయిందన్నారు. చెంగయ్య దగ్గర చట్రం తీసుకుని నేనే కొలిచాను. దారం గుర్తు దాటి కుడివైపు పోయింది.

"జానెడు దిగినాది" అన్నాను. "పూడ్చి మళ్లీ తవ్వు."

ఈయన నావైపు చూశారు, చెంగయ్య వైపు చూశారు. చెంగయ్య గుట్ట అదిరేలా నవ్వాడు. రెండు నెలల తర్వాత ఈయనా నవ్వారు. నవ్వుతూనే పార తీసుకుని, తవ్విన మన్నంతా మళ్లీ లోపలికి తోయడం మొదలుపెట్టారు.

మెట్లు: 9. ఆయన కందకాలు: సున్నా.